సీట్ల బిల్లు తప్ప

మూడు, సోమవారం

ఇవాళ పెద్దమ్మ ఏడ్చింది. నా కళ్ళతో చూశాను. రాసుకోకపోతే రేపటికి నేనే నమ్మను.

సభ మొత్తానికి ఆడవాళ్ళ బాత్‌రూమ్ ఒక్కటే. అదీ వెనక కారిడార్ చివర, విరిగిన కుర్చీలు పడేసే గది పక్కన. కట్టినవాళ్ళకి మేం కూడా వస్తామన్న ఆలోచన లేదు మరి. వెళ్ళి వచ్చేలోపు ఇక్కడ ఒక సవరణ పాసైపోతుంది. కానీ అన్ని పార్టీల ఆడవాళ్ళం కలిసే చోటూ అదే. బయట ఒకరి మీద ఒకరం విరుచుకుపడేవాళ్ళం లోపల సబ్బు అందించుకుంటాం.

సభంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ అవతలి పార్టీ మనిషి. సభలో అందరికన్నా పాతకాపు. ఆవిడ లేచిందంటే స్పీకర్ కూడా కాస్త సర్దుకుని కూర్చుంటాడు. మా సీట్ల బిల్లుకి అడ్డుగోడ కూడా ఆవిడే. ఈ సభలో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి ఉంచండని మేం గొంతు చించుకుంటుంటే ఆవిడ తీరిగ్గా లేచి, "నాకెవరు ఉంచారమ్మా సీటు? లాక్కున్నాను. చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి" అంటుంది. మగాళ్ళంతా బల్లలు చరుస్తారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అలాంటి మనిషి అద్దం ముందు నిలబడి, పంపు తిప్పి, కట్టడం కూడా మర్చిపోయి చెప్పింది. రొమ్ములో గడ్డ. గురువారం ఆపరేషన్. ఈ వారమంతా సభకి రావడం కుదరదు. "ఓట్లలో నాకు జత ఇస్తావా?" అంది.

"ఇస్తాను" అన్నాను. అంతే అన్నాను. ఇంకేం అంటాను? చెయ్యి పట్టుకున్నాను. తడిగా, చల్లగా ఉంది. "వారమంతా?" అంది. "వారమంతా. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి" అన్నాను. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది. పంపు నేను కట్టాను.

నాలుగు, మంగళవారం

ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన నిలబడి నిన్నటిదంతా పొల్లు పోకుండా చెప్పాను. ఆవిడేమంది, నేనేమన్నాను, అంతా. ఎన్నేళ్ళయినా ఈ జత సంగతి మా ఆయన బుర్రకెక్కదు. మళ్ళీ మొదట్నించీ చెప్పాను. అవతలి మనిషి రాలేని రోజున ఇవతలి మనిషి కూడా ఓటు మానేస్తారు. ఇద్దరూ చెరోవైపు కాబట్టి లెక్క లెక్కకి సరి. కాగితం లేదు, సంతకం లేదు. మాట. ఎవరి పార్టీ విప్ చెవిన వాళ్ళు వేస్తే చాలు.

"అంటే నీ బస్సు చెడిపోతే నా బస్సు కూడా షెడ్డులో పెట్టేస్తానన్నమాట" అన్నారు. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఇంకేం పోలిక వస్తుంది? నేనూ ఆ బస్సులో టికెట్లు కొట్టినదాన్నే. "అలాంటిదే" అన్నాను.

"మరి మీ సీట్ల బిల్లో?" అన్నారు. అది వచ్చే నెలండీ అన్నాను.

సభకి వెళ్ళగానే మా విప్‌కి చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "మామూలు మాటేగా మేడమ్?" అన్నాడు. ఊఁ అన్నాను.

మామూలు మాట అంటే మా పార్టీ ఆడవాళ్ళం పెట్టుకున్న కట్టుబాటు. జత ఎవరికిచ్చినా "సీట్ల బిల్లు తప్ప" అని తీరాలి. ఆ ఒక్కదానికీ, మనిషి ఎక్కడున్నా వచ్చి ఓటెయ్యాలి. అందరిచేతా ఒట్టు వేయించింది నేనే. నేనే అనలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మధ్యలో బిల్లు సంగతి ఎలా ఎత్తుతాం? ఏం కాదులే. వచ్చే నెల కదా.

ఐదు, బుధవారం

బిల్లు రేపే.

ఐదు, మళ్ళీ

కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

పొద్దున్న విప్ పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చాడు. "రేపే పెట్టేస్తున్నాం మేడమ్. పెద్దమ్మ ఉంటే వాళ్ళందర్నీ ఒక్క తాటి మీద నిలబెడుతుంది. ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే కానిచ్చెయ్యాలి. ఆవిడకి జత ఇచ్చింది మీరే కాబట్టి ఇంకా మంచిది. మామూలు మాట ఉండనే ఉంది." వేళ్ళ మీద లెక్క చూపించాడు. ఒక్క ఓటుతో గట్టెక్కుతాం. ఆ ఒక్కటీ నేను.

నోరు తెరిచాను. "ఏంటి మేడమ్?" అన్నాడు. ఏం లేదన్నాను.

ఇప్పుడు చెప్తే నన్ను చీల్చి చెండాడతారు, బిల్లు అటకెక్కుతుంది. చెప్పకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ బిల్లు కోసం నేను ఎక్కని గడప లేదు. గెలిచే సీటు అడిగిన ఆడవాళ్ళకి ఓడిపోయే సీటు అంటగట్టి, ఓడిపోయాక "చూశారా, ఆడవాళ్ళు గెలవలేరు" అని పళ్ళికిలించే పెద్దమనుషుల్ని ఇన్నేళ్ళు చూశాను. ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా? రాదు. నాకు తెలుసు, రాదు.

దారి ఒక్కటే. ఆవిడ దగ్గరికే వెళ్ళి, పెద్దమ్మగారూ, ఈ ఒక్క ఓటుకీ నన్ను వదిలెయ్యండి అని అడగడం. కాళ్ళావేళ్ళా పడైనా సరే.

ఐదు, ఆస్పత్రి నుంచి వచ్చాక

అడగలేదు.

మంచం మీద చిన్నపిల్లలా ఉంది. ఆస్పత్రి గౌను భుజాల దగ్గర జారిపోతోంది. బీపీ పెరుగుతుందని కొడుకు ఫోన్ లాగేసుకున్నాడట. పేపర్ కూడా ఇవ్వడం లేదని చాడీలు చెప్పింది. "సభలో ఏంటి విశేషాలు?" అంది.

చేపల రేవుల మీద చర్చ నడుస్తోందన్నాను. అదీ నిజమే.

"మీ సీట్ల బిల్లు వచ్చే నెల కదూ? అప్పటికి లేచొచ్చి నీకు అడ్డంగా ఓటేస్తా చూడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. "చూస్తానుగా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని, "నువ్వున్నావుగా, నాకా బెంగ లేదు" అంది.

రేపు పొద్దున్నే మత్తిస్తారట.

ఆరు, గురువారం, పొద్దున్నే

అన్నాననే గుర్తు. "వారమంతా" అన్న తర్వాత ఏదో అన్నాను. పంపు హోరులో ఆవిడకి వినపడలేదేమో.

ఆరు

పాసైంది! పాసైంది, పాసైంది, పాసైంది!

ఒక్క ఓటు. నా ఓటు. మీట నేనే నొక్కాను. బోర్డు మీద అంకెలు మారగానే మా చిన్నది, నిండు కడుపుతో, బల్ల ఎక్కినంత పని చేసింది. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. మా పార్టీలో అందరికన్నా చిన్నది కాబట్టి అదే పేరు ఉండిపోయింది. నెలలు నిండుతున్నాయి దానికి. నన్ను వాటేసుకుని, "అక్కా, నాకు కూతురు పుడితే మీ దగ్గరికే పంపిస్తా ఓట్లడగడానికి" అంది. ఇద్దరం ఏడ్చాం. బయట వీధినిండా ఆడవాళ్ళు. టికెట్ కొట్టే చెయ్యి ఇదేనా అని ఒకావిడ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది.

ఆవిడ ఆపరేషన్ కూడా బాగా జరిగిందట. ఎవరో చెప్పారు. మంచిదైంది.

నేను అన్నాను. చేతులు కడుక్కుంటూ అన్నాను. ఆవిడ తల ఊపింది.

ఏడు, శుక్రవారం

అవతలి విప్ సభలో లేచి నిప్పులు కక్కాడు. "మా పెద్దమ్మ కత్తికింద పడుకుని ఉంటే, జత ఇచ్చిన మనిషి వచ్చి దర్జాగా ఓటేసింది. ఏ మినహాయింపూ ఉన్నట్టు పెద్దమ్మ నాకు చెప్పలేదు." నేను లేచాను. "చెప్పాను. సీట్ల బిల్లు తప్ప అని నా నోటితో నేను చెప్పాను. ఆవిడ మీకు చెప్పడం మర్చిపోయి ఉంటారు, ఆ పరిస్థితిలో" అన్నాను. మా వాళ్ళు బల్లలు చరిచారు. గొంతు ఎక్కడా తడబడలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అబద్ధం కాదనుకో.

ఇంటికొస్తే ఆయన టీవీ కట్టేసి కూర్చున్నారు.

"అన్నావా?" అన్నారు.

"ఏంటి?"

"ఆ మాట."

"అన్నాను."

"నాతో చెప్పినప్పుడు లేదే."

"అన్నీ మీకు చెప్తానా?" అని గయ్యిమన్నాను. నిజానికి అన్నీ చెప్తాను. ఆయనకీ తెలుసు. లేచి స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎనిమిది, శనివారం

అన్నాను.

పది, సోమవారం

అవతలి పార్టీ ప్రకటించేసింది. మా పార్టీ ఆడవాళ్ళకి ఇక జతలు లేవు. మగాళ్ళకి ఉంటాయట! ఓటేసింది ఒక ఆడది కాబట్టి ఆడవాళ్ళందరికీ శిక్ష. కారిడార్‌లో వాళ్ళ కుర్రాడొకడు నాకు వినపడేలాగే, "మూడో వంతు కావాలట. మాట మీద నిలబడేవాళ్ళు ఒక్కరు లేరు" అన్నాడు. చెంప పగలగొడదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని?

దెబ్బ తగిలింది చిన్నదానికి. కాన్పు సెలవంటూ సభలో ఏదీ లేదు కదా, ఉన్నదల్లా జతే. అవతల ఒక ముసలాయన నెలరోజులకి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఇవాళ వెనక్కి తీసుకున్నాడు. బడ్జెట్ ఓట్లన్నీ ఆ నెలలోనే. పిల్లని కనేసి స్ట్రెచర్ మీద రావాలా?

నా దగ్గరికొచ్చి, "మీ తప్పేం లేదక్కా, మీరు చెప్పారుగా. ఆ పెద్దావిడే మర్చిపోయి మనందర్నీ ముంచింది" అంది. కాళ్ళు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. కుర్చీ ఇచ్చాను, మంచినీళ్ళిచ్చాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. తేలు కుట్టిన దొంగకి నోరెక్కడిది?

పదకొండు

చెప్పేస్తే? ఓటు చెల్లదని కోర్టుకెళ్తారా? జత అనేది చట్టం కాదు, ఓటు పోదు. బిల్లుకేం కాదు. పోయేది నా పరువు. అంతేనా? నేనొక్కదాన్నే పోతానా, అందరి మాటా పోతుందా? అవును, అందుకే చెప్పకూడదు. నా కోసం కాదు, అందరి కోసం.

ఇప్పుడు రాసింది మళ్ళీ చదివాను. సిగ్గు లేదు నాకు.

పన్నెండు, బుధవారం

పెద్దమ్మ మాట్లాడింది. ఆస్పత్రి గదిలోంచి, మంచం మీద కూర్చుని, కెమెరాల ముందు. మేమిద్దరం ఇంట్లో టీవీలో చూశాం.

"ఆ అమ్మాయి నాతో చెప్పింది. సీట్ల బిల్లు తప్ప అని స్పష్టంగా చెప్పింది. నేనే మా విప్‌కి చెప్పడం మరిచాను. తప్పు నాది. దీన్ని పట్టుకుని ఆడపిల్లల జతలు ఆపితే మాత్రం, నేను లేచొచ్చాక ఒక్కొక్కడి చెవి మెలిపెడతాను" అంది.

ఆయన నా వైపు చూడలేదు. టీవీ వైపే చూస్తూ, "ఎంత మనిషి!" అన్నారు.

విప్ ఫోను, చిన్నది ఫోను, అందరి ఫోన్లూ. నాకు సంతోషం రావడం లేదు.

అనలేదు. నేను అనలేదు. ఇక్కడైనా రాసుకోనీ.

పదమూడు, గురువారం

వెళ్ళాను. పెద్దమ్మ దిండుకి ఆనుకుని పేపర్ చదువుకుంటోంది. ఒకవైపంతా కట్టు. నన్ను చూసి పేపర్ మడిచి, టీ తెమ్మని కోడల్ని బయటికి పంపింది.

"కూర్చో. గెలిచిన మొహం కాదే అది" అంది.

"ఎందుకలా చెప్పారు?"

"ఎలా?"

"నేను అన్నానని."

"అనలేదా?"

"పంపు హోరులో..." అని మొదలుపెట్టాను. ఇంకా అదే పాట! చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది.

"అమ్మాయ్, నాకు మత్తిచ్చింది గురువారం. సోమవారం కాదు."

తల దించుకున్నాను.

"నీ కోసం చెప్పాననుకోకు" అంది. "నీ మీద నాకున్న కోపానికి ఈ చెయ్యి లేస్తే ఒక్కటిచ్చుకుందును. ఆ కడుపుతో ఉన్న పిల్ల కోసం చెప్పాను. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో జత అడిగితే, ఆడవాళ్ళతో జతేంటండీ, బాగుండదు అని ఇకిలించేవాళ్ళు. పచ్చి బాలింతని, వచ్చి కూర్చుని ఓటేశాను. అక్కడే కుట్లు పిగిలాయి. ఎర్రమరకలు కనపడకుండా ఫైలు అడ్డం పెట్టుకుని నడిచాను. ఆ తర్వాత ఈ సభలో నేను ఎవర్నీ ఏదీ అడగలేదు. మొన్న నిన్నడిగాను."

ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు.

"బిల్లు మాత్రం తప్పుడు బిల్లే. ఇప్పటికీ అదే అంటాను" అంది. "ముందురోజు వచ్చావు చూడు, అప్పుడైనా చెప్పి ఉంటే వదిలేసేదాన్నేమో నిన్ను. తిట్టి వదిలేసేదాన్ని. నవ్వి వెళ్ళిపోయావు."

"క్షమించండి పెద్దమ్మగారూ" అన్నాను. ఆ మాట నా చెవికే పలచగా వినపడింది.

"సరేలే. టీ వచ్చింది, తాగి వెళ్ళు" అంది. క్షమించానని అనలేదు. నేనూ రెట్టించలేదు. తాగి వచ్చాను.

ఇరవై, గురువారం

ముసలాయన చిన్నదానికి మళ్ళీ మాటిచ్చాడు. అది పరిగెత్తుకొచ్చింది, పరిగెత్తొద్దే తల్లీ అంటున్నా వినకుండా.

"అక్కా, ఇప్పుడందరూ ఖచ్చితంగా ఉన్నారు. మినహాయింపు సరిగ్గా చెప్పాలట. మీరు పెద్దమ్మతో ఏ మాటలన్నారో అవే చెప్పండి, నేనూ అవే అంటాను. మీ మాటలైతే ఎవడూ నోరెత్తడు" అంది.

చెప్పాను. ఏం చెయ్యను? "ఫలానా దానికి తప్ప, మిగతా అన్నిటికీ నేను మీ జత" అని అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. అది రెండుసార్లు పైకి అనుకుని ఒప్పజెప్పింది, బడిపిల్లలాగా. "ఎంత బాగా చెప్పారక్కా" అంది. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను, మొత్తం. వింటూ వింటూ, "ఇదంతా నాకు ముందే తెలుసుగా" అన్నారు. "మరి ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను. "నువ్వే చెప్తావని చూశాను" అన్నారు.

ఇరవై ఎనిమిది

నిద్ర సరిగ్గా లేదు. ఎవరింటికెళ్ళినా సన్మానాలు. ఒక బడిలో పిల్లలు నా మీద పాట కట్టి పాడారు. "మాట తప్పని" అని ఒక ముక్క వచ్చింది అందులో. చప్పట్లు కొట్టి వచ్చాను.

నాలుగు, మంగళవారం

నెల మారింది. పెద్దమ్మ సభకి వచ్చింది. క్యాన్సర్ మందులు మొదలయ్యాయట, జుట్టు రాలకముందే తీయించేసి ఊలు టోపీ పెట్టుకుంది. కొడుకు గుమ్మం దాకా నడిపించి వెళ్ళాడు. అందరూ లేచి నిలబడ్డారు. "కూర్చోండర్రా, నేనేం పోలేదు" అంది. ఆ మాత్రానికే ఆయాసం.

చేపల రేవుల బిల్లు మీద సవరణలు. ఒకదాని తర్వాత ఒకటి, సాయంత్రం దాకా ఓట్లే. చెప్పుకోదగ్గది ఒక్కటి లేదు. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టుంది, మధ్యలో రెండుసార్లు సంచిలోంచి కవరు తీసి వాంతి చేసుకుంది. చూడలేకపోయాను. విరామంలో వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన కింద కూర్చున్నాను, ఎవరేమనుకున్నా సరేనని.

"పెద్దమ్మగారూ, ఇంటికి వెళ్ళండి. నేను బయట కూర్చుంటాను. ఇవాళే కాదు, ఈ మందులు అయ్యేదాకా. ఏ బిల్లైనా సరే. దేనికీ మినహాయింపు లేదు."

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. చెయ్యి తేలిగ్గా ఉంది.

"మంచిదానివే. కానీ వద్దులే అమ్మా."

"వద్దంటే ఎలాగండీ? ఇలా ఉంటే మనిషి దక్కుతారా? నా మీద కోపమైతే తిట్టండి, కొట్టండి."

"కోపం ఎప్పుడో పోయింది" అంది. "ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టదే నాకు. ఇక్కడ ఏం జరుగుతోందో అని. ఇక్కడైతే ఈ కుర్చీలోనే కాసేపు కునుకు పడుతుంది."

టోపీ కళ్ళ మీదికి లాక్కుని పడుకుంది. నేను లేచి నా సీటుకి వచ్చేశాను. ఆవిడ నిజంగానే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. ఓటు గంట మోగగానే పక్క సీటాయన భుజం తట్టి లేపాడు. నాకు అడ్డంగా మీట నొక్కి మళ్ళీ కళ్ళు మూసుకుంది.